గింజలోని నీటికి లెక్క కట్టే చదువు: వ్యవసాయ ఇంజనీరు పని, వ్యాపారికి దాని విలువ

మార్కెట్ యార్డులో ధాన్యం రాశి దగ్గర జరిగే బేరంలో ధర గురించి కన్నా తరుగు గురించే ఎక్కువ సేపు మాటలు నడుస్తాయి. అమ్మకందారు సరకు బాగా ఎండినదంటాడు. కొనుగోలుదారు గింజను పంటి కింద పెట్టి కొరికి, ఇంకా పచ్చిగా ఉన్నదంటాడు. చివరకు బస్తాకు ఇన్ని కిలోలని ఒక అంకె తేలుతుంది. ఆ అంకె ఇద్దరిలో ఎవరో ఒకరి మొండితనాన్ని బట్టి తేలిందే కాని, గింజలో ఉన్న నీటిని బట్టి తేలింది కాదు. ఇటువంటి చోట లెక్క చెప్పవలసినవాడు వ్యవసాయ ఇంజనీరు. ఆయన పేరు వ్యాపార వర్గాలలో అంతగా వినబడదు. కాని కోత యంత్రం మొదలు మిల్లు రోలరు వరకు, తేమ కొలిచే మీటరు మొదలు శీతల గిడ్డంగి వరకు సరకు వెంట నడిచేది ఆయన పనే.

వ్యవసాయ శాస్త్రజ్ఞుడు వంగడం గురించి, ఎరువు గురించి, చీడపీడల గురించి చెబుతాడు. వ్యవసాయ ఇంజనీరు యంత్రం, నీరు, వేడి, గాలి, నిలువ అనే ఐదింటి గురించి చెబుతాడు. మొదటి ఆయన పంట ఎంత పండుతుందో చూస్తే, రెండవ ఆయన పండినదానిలో ఎంత మిగులుతుందో చూస్తాడు. వ్యాపారి కొనేది ఆ మిగిలిన దానినే.

శాఖ పుట్టుక

అమెరికాలో వ్యవసాయ ఇంజనీర్ల సంఘం 1907లో ఏర్పడింది. మన దేశంలో ఈ చదువుకు పునాది వేసినవాడు మేసన్ వా అనే అమెరికన్ ఇంజనీరు. ఆయన 1920 దశకంలో అలహాబాదు వ్యవసాయ విద్యాలయానికి వచ్చి, ఇక్కడి ఎడ్లకు, ఇక్కడి నేలకు సరిపడే ఇనుప నాగళ్లను తయారుచేయించాడు. దేశంలో వ్యవసాయ ఇంజనీరింగు డిగ్రీ తరగతులు మొదట ప్రారంభమైనది ఆ విద్యాలయంలోనే, 1942లో. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఈ శాఖ 1952లో మొదలయింది. భోపాల్‌లో కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ 1976లో ఏర్పాటయింది. తెలుగునాట బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల 1983లో ప్రారంభమయింది.

ఈ శాఖలో ప్రధానంగా నాలుగు విభాగాలున్నాయి. వ్యవసాయ యంత్రాలు, వాటిని నడిపే శక్తి ఒకటి. నేల కొట్టుకుపోకుండా కాపాడటం, వాన నీటిని నిలపటం రెండవది. సాగునీరు, మురుగునీటి పారుదల మూడవది. కోత అనంతరం సరకును ఎండబెట్టటం, శుభ్రం చేయటం, ఆడించటం, నిలువ ఉంచటం నాలుగవది. సౌర శక్తి, ఊక, జొన్న చొప్ప వంటి వాటి నుంచి శక్తిని రాబట్టే పని ఈ మధ్య కాలంలో వీటికి తోడయింది.

మొదటి మూడు విభాగాలు వ్యాపారికి పరోక్షంగా సంబంధించినవి. మెట్ట ప్రాంతంలో బిందు సేద్యం వస్తే అక్కడ మిర్చి, కూరగాయల రాబడి పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్యపు పథకం 2003లో మొదలయిన తరువాత బావుల కింద పంటల తీరు ఎట్లా మారిందో రాయలసీమ యార్డులకు సరకు కొనబోయే వారికి తెలుసు. 1972లో పటాన్‌చెరువులో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థలో నల్లరేగడి నేలలకు వెడల్పాటి మడి, పక్కన కాలువ ఉండే దుక్కి పద్ధతిని రూపొందించారు. వాన ఎక్కువయినప్పుడు మురుగు పోవటానికి, తక్కువయినప్పుడు తడి నిలవటానికి ఆ పద్ధతి తోడ్పడుతుంది. నాలుగవ విభాగం మాత్రం వ్యాపారి జేబుతో నేరుగా ముడిపడినది. ఈ పాఠం ముఖ్యంగా దానిని గురించే.

నీరు యార్డుకు ఎందుకు వచ్చింది

పూర్వం డెల్టా ప్రాంతంలో వరి కోసి పనలు పొలంలోనే ఆరబెట్టేవారు. తరువాత కట్టలు కట్టి కుప్ప వేసేవారు. వీలు చూసుకుని కొన్ని వారాల తరువాత నూర్చేవారు. ఆ గడువులో గింజలోని నీరు తనంతట తానే దిగిపోయేది. ఎండబెట్టే ఖర్చు ఎవరి ఖాతాలోను కనబడేది కాదు.

కోత, నూర్పిడి ఒకేసారి చేసే కంబైన్ హార్వెస్టరు వచ్చిన తరువాత ఈ గడువు పోయింది. కూలీల కొరతకు యంత్రం మందయింది. వారాల పని గంటల్లో అవుతున్నది. కాని యంత్రం పాలిట పడిన వరి చేను నిలబడి ఉన్నప్పటి తేమతోనే, అనగా 20 శాతం, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన తేమతోనే ధాన్యంగా మారి ట్రాక్టరు ఎక్కుతున్నది. కుప్పలో ఆరవలసిన నీరు యార్డుకు, మిల్లుకు వచ్చింది. ఇదివరకు రైతు కళ్ళంలో కాలం చేసిన పనిని ఇప్పుడు ఎవరో ఒకరు డబ్బు పెట్టి చేయించవలసి వచ్చింది. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే నేటి తగాదా.

దీనికి వాతావరణం కూడా తోడు. సార్వా కోతలు, బంగాళాఖాతపు తుఫానులు ఒకే నెలల్లో వస్తాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు చేలల్లో ఉన్న వరి, కల్లాలలో, రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం తడిసిపోయాయి. అటువంటి వారంలో డ్రయ్యరు ఉన్న మిల్లు కొనగలుగుతుంది. లేని మిల్లు రేటు తగ్గించి అడగటం తప్ప వేరే చేయగలిగింది ఉండదు.

తరుగు లెక్క

తేమ ఒక శాతం ఎక్కువయితే క్వింటాలుకు ఒక కిలో తీసివేయటం చాలా చోట్ల వాడుక. ఈ లెక్క చూడటానికి సరిగానే ఉన్నట్లుంటుంది. కాని ఇది తప్పు.

తేమ శాతం అంటే మొత్తం బరువులో నీటి పాలు. నీరు పోయిన కొద్దీ మొత్తం బరువు కూడా తగ్గుతుంది. మారకుండా ఉండేది గింజలోని పొడి పదార్థం ఒక్కటే. కనుక లెక్క అక్కడ నుంచి మొదలుపెట్టాలి. 20 శాతం తేమ గల 100 క్వింటాళ్ల ధాన్యంలో పొడి పదార్థం 80 క్వింటాళ్లు. దానిని 14 శాతానికి ఎండబెడితే ఆ 80 క్వింటాళ్లు కొత్త బరువులో 86 పాళ్లు కావాలి. 80ని 86 చేత భాగించి 100 చేత గుణిస్తే 93.02 క్వింటాళ్లు. అనగా తేమ తగ్గినది 6 శాతం. బరువు తగ్గినది దాదాపు 7 క్వింటాళ్లు.

సూత్రం ఇది. 100 నుంచి ఇప్పటి తేమను తీసివేయాలి. దానిని, 100 నుంచి కావలసిన తేమను తీసివేయగా వచ్చిన అంకె చేత భాగించాలి. ఆ ఫలితాన్ని సరకు బరువు చేత గుణించాలి.

దీనిని డబ్బులోకి మార్చి చూడవచ్చు. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ పరిమితి 17 శాతం. 20 శాతం తేమ గల 100 క్వింటాళ్ల లారీ 17 శాతం లెక్కన ఎంతకు సమానమో చూస్తే, 80ని 83 చేత భాగించగా 96.39 క్వింటాళ్లు వస్తుంది. న్యాయమైన తరుగు 3.61 క్వింటాళ్లు. క్వింటాలు ధర 2,300 రూపాయలనుకుంటే దీని విలువ సుమారు 8,300 రూపాయలు. శాతానికి కిలో చొప్పున తీస్తే 6,900 రూపాయలే అవుతుంది. కొనుగోలుదారు లారీకి 1,400 రూపాయలు నష్టపోతాడు. అట్లా కాక కంటి అంచనాతో క్వింటాలుకు 5 కిలోలు తీస్తే 11,500 రూపాయలవుతుంది. అప్పుడు రైతు సుమారు 3,200 రూపాయలు నష్టపోతాడు. ఎండబెట్టే ఖర్చు వేరు. అది తరుగులో కలపకుండా వేరే పద్దుగా మాట్లాడుకుంటేనే లెక్క తేటగా ఉంటుంది.

ఇంజనీర్ల పుస్తకాలలో తేమను మరొక విధంగా కూడా చెబుతారు. అందులో నీటిని మొత్తం బరువుతో కాక పొడి పదార్థపు బరువుతో పోలుస్తారు. ఆ లెక్కన 20 శాతం తేమ 25 శాతం అవుతుంది. డ్రయ్యరు అమ్మే కంపెనీ వారి కాగితాలలో తేమ అంకె కనబడితే అది ఏ పద్ధతిలో చెప్పినదో ముందుగా అడగటం మంచిది.

మీటరు చెప్పేదంతా నిజమేనా

తేమ మీటరు నీటిని నేరుగా కొలవదు. గింజకు ఉన్న విద్యుత్ గుణాన్ని కొలిచి, దానిని బట్టి నీటిని అంచనా కడుతుంది. పొడి గింజకు, నీటికి ఈ గుణంలో ఎంతో తేడా ఉన్నది కనుక అంచనా సాధ్యమవుతున్నది. కాని ఈ గుణం సరకును బట్టి, వేడిని బట్టి మారుతుంది. ధాన్యానికి సరిచేసిన మీటరులో మొక్కజొన్న పోసి చదివిన అంకెకు విలువ లేదు.

మరొక చిక్కు ఉన్నది. గింజ గుండా కరెంటు పంపి కొలిచే రకం మీటరు గింజ పైపొరనే ఎక్కువగా చూస్తుంది. రాత్రి మంచుకు తడిసిన ఎండు ధాన్యాన్ని పచ్చి ధాన్యంగా చూపుతుంది. డ్రయ్యరు నుంచి అప్పుడే దిగిన ధాన్యం పైన పొడిగా, లోపల తడిగా ఉంటుంది. దానిని ఎండినదిగా చూపుతుంది. కొన్ని గంటలు రాశిగా ఉంచి, లోపలి నీరు పైకి సర్దుకున్న తరువాత చూస్తేనే అంకె నిజానికి దగ్గరగా వస్తుంది.

వివాదం వచ్చినప్పుడు తుది తీర్పు ఓవెన్‌ది. నూరిన నమూనాను తూచి, 130 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 2 గంటలు ఉంచి, మళ్ళీ తూచితే తగ్గిన బరువే నీరు. ఏటా సీజను ముందు మీటరును ఓవెన్‌తో పోల్చి సరిచూసుకోవటం వ్యవసాయ ఇంజనీరు చేసే చిన్న పనులలో ఒకటి. చిన్నదే కాని, పైన చూపినట్లు లారీకి వేల రూపాయల తేడా తెచ్చే పని.

నమూనా తీయటం కూడా ఇందులో భాగమే. రాశి పైన గుప్పెడు, బస్తా మూతి దగ్గర గుప్పెడు తీస్తే అది సరకుకు నమూనా కాదు. బస్తాలోకి గొట్టం గుచ్చి, లాటులోని అనేక బస్తాల నుంచి తీసి కలిపితేనే నమూనా. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమయిన ఈ-నామ్ విధానంలో సరకును చూడకుండానే దూరాన ఉన్న వ్యాపారి ధర కోట్ చేయవచ్చు. అటువంటి వ్యాపారికి నమూనా నివేదికే కన్ను. ఆ కన్ను సరిగా లేకపోతే దూరపు బేరం నిలవదు.

ఏ సరకుకు ఎంత తేమ

ధాన్యాన్ని 14 శాతం వద్ద నిలువ ఉంచవచ్చునని, వేరుశనగకు అది చాలా ఎక్కువని వ్యాపారులకు అనుభవంతో తెలుసు. ఎందుకన్నదానికి ఇంజనీరు ఇచ్చే సమాధానం ఇట్లా ఉంటుంది.

ప్రతి గింజ చుట్టూ ఉన్న గాలితో నీటిని ఇచ్చిపుచ్చుకుంటుంది. కొంత కాలానికి రెండూ ఒక సమతూకానికి వస్తాయి. గాలిలో తేమ 70 శాతం ఉన్నచోట ధాన్యం సుమారు 13 శాతం దగ్గర నిలబడుతుంది. అదే గాలిలో వేరుశనగ పప్పు 7, 8 శాతం దగ్గరే నిలబడుతుంది. కారణం నూనె. నూనె నీటిని పట్టి ఉంచదు. పప్పులో దాదాపు సగం నూనె కనుక, ఉన్న కొద్ది నీరు మిగిలిన సగంలోనే ఉంటుంది. బూజుకు కావలసింది గింజలోని మొత్తం నీరు కాదు, గింజ చుట్టూ ఉండే గాలిలోని తేమ. అది 70 శాతం దాటితే బూజు పుట్టే ప్రమాదం మొదలవుతుంది. అందువల్ల నూనె గింజలకు హద్దు తక్కువ, తిండి గింజలకు కొంచెం ఎక్కువ.

హద్దు దాటితే ఏమవుతుందన్నది 1960లో ఇంగ్లండులో తెలిసింది. ఆ సంవత్సరం అక్కడ లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో బూజు పుట్టించిన విషం ఉన్నదని పరిశోధనలో బయటపడింది. ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. నేడు ఐరోపా దేశాలు మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 రకాన్ని కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలు కలిపి 10 మైక్రోగ్రాములు మించకూడదని నిబంధన పెట్టాయి. 5 మైక్రోగ్రాములంటే 100 కోట్ల పాళ్లలో 5 పాళ్లు. కంటికి కనబడదు, వాసన రాదు. తాలు కాయ ఏరినంత తేలికగా దానిని ఏరివేయటం సాధ్యం కాదు.

గుంటూరు మిర్చి విషయం తీసుకోవచ్చు. 75 శాతం తేమ గల 100 కిలోల పండు మిర్చిలో పొడి పదార్థం 25 కిలోలు. 11 శాతానికి ఎండబెడితే 28 కిలోలు తూగుతుంది. 14 శాతం దగ్గర ఆపితే 29 కిలోలు తూగుతుంది. ఆ ఒక్క కిలో నీరు మిర్చి ధరకు అమ్ముడుపోతుందని ఆశ కలగటం సహజం. కాయ విరగకుండా టిక్కీలు తొక్కే ముందు నీళ్లు చల్లే అలవాటు కూడా ఉన్నది. కాని ఆ ఒక్క కిలో కోసం మిగిలిన 28 కిలోలను బూజు పాలు చేయటం, ఎగుమతి సరకును రేవు నుంచి వెనక్కు రప్పించుకోవటం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు కాదు. నేల మీద కాక టార్పాలిన్ల మీద, వీలయితే పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పు గల సౌర డ్రయ్యర్లలో ఎండబెట్టటం ఇందుకే.

ఎండబెట్టటంలో కిటుకు

ధాన్యాన్ని ఎంత వేగంగా ఎండబెడితే అంత లాభమని అనిపిస్తుంది. ఇంజనీరు దీనికి ఒప్పుకోడు. వేడి గాలి తగిలినప్పుడు గింజ పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది. లోపలి భాగం ఇంకా తడిగా, ఉబ్బుగా ఉంటుంది. ఈ లాగుడుకు గింజలో సన్నని పగుళ్లు పడతాయి. పైన ఊక ఉన్నందున పగులు కనబడదు. మిల్లు రోలరు కింద పడినప్పుడు నూకగా బయటపడుతుంది. పగలు ఎండలో ఆరి, రాత్రి మంచుకు తడిసిన గింజకు కూడా ఇదే గతి.

దీనికి పరిష్కారం విడతలవారీగా ఎండబెట్టటం. అమెరికాలో లూసియానా విశ్వవిద్యాలయంలో రూపొంది, ఎల్.ఎస్.యు. డ్రయ్యరుగా పేరు పొందిన యంత్రం మన మిల్లులలోనూ వాడుకలో ఉన్నది. అందులో ఒక విడతలో 2, 3 శాతం తేమ మాత్రమే తీసి, గింజను కొన్ని గంటలు తొట్టిలో ఊరకే ఉంచుతారు. లోపలి నీరు పైకి వస్తుంది. మళ్ళీ డ్రయ్యరుకు పంపుతారు. ఈ విశ్రాంతి వృథా కాలం కాదు. నిండు గింజ శాతాన్ని కాపాడేది అదే.

ఇంధనం సంగతి కూడా లెక్కలోకే వస్తుంది. పైన చెప్పిన 100 క్వింటాళ్ల ధాన్యాన్ని 20 నుంచి 14 శాతానికి దించటానికి సుమారు 700 కిలోల నీటిని ఆవిరి చేయాలి. కిలో నీటికి దాదాపు 580 కిలో కేలరీల వేడి కావాలి. కిలో ఊకలో సుమారు 3,000 కిలో కేలరీలు ఉంటాయి. వృథా ఏమీ లేకపోతే 135 కిలోల ఊక చాలు. పొయ్యిలోను, గొట్టాలలోను, బయటకు పోయే గాలితోను పోయే వేడిని కలుపుకొని మూడింతలు వేసుకున్నా 400 కిలోలు. అదే 100 క్వింటాళ్ల ధాన్యం ఆడిస్తే వచ్చే ఊక 2,000 కిలోలు. తనను ఎండబెట్టుకోవటానికి కావలసిన కట్టెలను ధాన్యం తన వెంటే తెచ్చుకుంటున్నదన్న మాట. ఐదవ వంతు ఊక ఖర్చు పెడితే సరిపోతుంది.

మిల్లులో ఒక శాతం

ప్రభుత్వం మిల్లర్లకు ధాన్యం ఇచ్చి బియ్యం తీసుకునే ఒప్పందంలో 100 కిలోలకు ముడి బియ్యమయితే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమయితే 68 కిలోలు ఇవ్వాలని లెక్క. పాత హల్లరు మిల్లులో ఊక వలవటం, తవుడు తీయటం ఒకే దెబ్బతో జరిగేవి. నూక ఎక్కువ, ఊక కలిసిన తవుడుకు విలువ తక్కువ. రబ్బరు రోలర్లతో ఊకను వేరుగా వలిచి, తరువాత విడిగా పాలిష్ పట్టే పద్ధతి వచ్చిన తరువాత రెండూ మెరుగుపడ్డాయి.

రోజుకు 100 టన్నుల ధాన్యం ఆడించే మిల్లులో నిండు బియ్యం ఒక శాతం పెరిగితే రోజుకు ఒక టన్ను నూక నిండు బియ్యమవుతుంది. రెండింటి ధరల మధ్య కిలోకు 10 రూపాయలు తేడా ఉన్నదనుకుంటే రోజుకు 10,000 రూపాయలు. ఏడాదికి 200 రోజులు ఆడితే 20 లక్షలు. రోలర్ల మధ్య ఎడం, డ్రయ్యరు గాలి వేడి, గింజకిచ్చే విశ్రాంతి అనే మూడింటిని రోజూ కనిపెట్టి ఉండే ఇంజనీరు జీతం ఇందులో ఎన్నో వంతో మిల్లర్లే లెక్క వేసుకోవచ్చు.

తవుడు సంగతి మరొకటి. పాలిష్ పట్టిన క్షణం నుంచి తవుడులోని ఒక రసాయనం దానిలోని నూనెను విడగొట్టటం మొదలుపెడుతుంది. ఆలస్యమయిన కొద్దీ నూనెలో ఆమ్లం పెరిగి రేటు పడిపోతుంది. వెంటనే ఆవిరితో గాని వేడితో గాని ఆ రసాయనాన్ని అణచివేస్తే తవుడు నిలుస్తుంది. ఉప్పుడు బియ్యపు తవుడు ఇంత త్వరగా పాడుకాకపోవటానికి కారణం, ధాన్యం ఉడికినప్పుడే ఆ రసాయనం నశించటం.

గిడ్డంగిలో దొంగ ఎవరు

14 శాతం తేమతో గిడ్డంగికి చేరిన 100 క్వింటాళ్ల ధాన్యం వేసవి ముగిసేసరికి 12 శాతానికి ఆరిందనుకుంటే, బరువు 97.73 క్వింటాళ్లు ఉంటుంది. రెండు క్వింటాళ్లకు పైగా తగ్గింది. ఒక్క గింజ కూడా బయటకు పోలేదు. తేమ రాసిపెట్టని గిడ్డంగిలో ఈ తేడాకు కాపలాదారు దొంగ అవుతాడు. లోనికి వచ్చేటప్పుడు, బయటకు పోయేటప్పుడు తూకంతో పాటు తేమ కూడా రాస్తే నిజమైన దొంగతనం, ఎలుకలు, పురుగు వల్ల వచ్చే నష్టం, ఆరుదల వల్ల వచ్చే తరుగు వేరువేరుగా తెలుస్తాయి.

2007లో గిడ్డంగుల చట్టం వచ్చిన తరువాత గిడ్డంగి రశీదు బదిలీ చేయదగిన పత్రమయింది. 2017 నుంచి అది ఎలక్ట్రానిక్ రూపంలో కూడా వస్తున్నది. రశీదు మీద బ్యాంకు అప్పిస్తుంది. ఆ అప్పుకు హామీ కాగితం కాదు, కాగితం వెనుక ఉన్న సరకు నాణ్యం. బస్తాల కింద చెక్క దిమ్మెలు, గోడకు వరసకు మధ్య ఖాళీ, గాలి వచ్చే పోయే దారులు, పైకప్పు కింద రాత్రి చల్లదనానికి నీరు పట్టకుండా చూడటం వంటివన్నీ కట్టేటప్పుడే చూసుకోవలసినవి.

మిర్చికి, పసుపుకు శీతల గిడ్డంగులు మరొక రంగం. చల్లదనం మిర్చి రంగును నిలుపుతుంది. కాని గదిలో తేమ ఎక్కువయితే కాయ మెత్తబడుతుంది. తక్కువయితే తూకం పోతుంది. గోడల గుండా వచ్చే వేడి, సరకుతో వచ్చే వేడి, తలుపు తీసినప్పుడల్లా వచ్చే వేడి కలిపి లెక్క కట్టి యంత్రం సైజు నిర్ణయించాలి. సీజనులో ఒకే వారంలో లారీల కొద్దీ టిక్కీలు దించితే ఆ లెక్క తప్పుతుంది. చిన్న యంత్రం రోజుల తరబడి ఆగకుండా నడిచినా గది చల్లబడదు.

ఇంజనీరు చేయలేనిది

లూధియానాలోని కోత అనంతర ఇంజనీరింగు సంస్థ 2015 నివేదిక ప్రకారం కోత మొదలు నిలువ వరకు జరిగే నష్టం తృణ ధాన్యాలలో 4.65 నుంచి 5.99 శాతం, పప్పు ధాన్యాలలో 6.36 నుంచి 8.41 శాతం, నూనె గింజలలో 3.08 నుంచి 9.96 శాతం, పండ్లు, కూరగాయలలో 4.58 నుంచి 15.88 శాతం. ఈ నష్టంలో చాలా భాగాన్ని ఆపే ఉపాయాలు ఇంజనీర్ల దగ్గర ఉన్నాయి. అయినా ఆగటం లేదు.

కారణం లెక్కలోనే ఉన్నది. డ్రయ్యరు ఏడాదిలో సార్వా, దాళ్వా కోతలప్పుడు కొన్ని వారాలే పనిచేస్తుంది. మిగిలిన కాలం ఊరక నిలబడుతుంది. కాని వడ్డీ పన్నెండు నెలలూ నడుస్తుంది. ఒక చిన్న రైతు గాని, చిన్న వ్యాపారి గాని ఒంటరిగా దానిని భరించలేరు. ఎండిన సరకుకు, పచ్చి సరకుకు ధరలో సరయిన తేడా యార్డు ఇవ్వకపోతే ఎండబెట్టే రైతు నష్టపోతాడు, నీరు అమ్మే రైతు బాగుపడతాడు. యంత్రం ఇంజనీరు ఇవ్వగలడు. ఆ యంత్రాన్ని గిట్టుబాటు చేసే ధర తేడాను ఇవ్వవలసింది వ్యాపారులే. పలువురు కలిసి డ్రయ్యరు పెట్టటం, ధాన్యం సీజను తరువాత అదే యంత్రంలో మొక్కజొన్న ఎండబెట్టటం, అద్దెకు ఇవ్వటం వంటి మార్గాలు దారి చూపగలవు.

చదువు, ఉద్యోగం

వ్యాపార కుటుంబాల పిల్లలు కామర్సు చదివి దుకాణంలో కూర్చోవటం, లేదా కంప్యూటరు ఇంజనీరింగు చదివి ఊరు విడిచి పోవటం నేడు రివాజు. ఈ రెండింటి మధ్య ఉన్న దారి వ్యవసాయ ఇంజనీరింగు. ఇది నాలుగు సంవత్సరాల బి.టెక్. కోర్సు. ఇంటర్మీడియెట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష ద్వారా చేరవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో బాపట్ల, మడకశిర, తెలంగాణలో సంగారెడ్డి సమీపంలోని కంది వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఆధ్వర్యంలోని కళాశాలలకు నెలవులు.

చదివినవారికి ట్రాక్టరు, పనిముట్ల కంపెనీలు, బిందు సేద్యపు కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, బ్యాంకుల వ్యవసాయ విభాగాలు, ఆహార పరిశ్రమలు, గిడ్డంగుల సంస్థలు పని ఇస్తున్నాయి. మిల్లులు, మార్కెట్ కమిటీలు, శీతల గిడ్డంగులు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా అనుభవజ్ఞుడైన మేస్త్రీ చేతి వాటం మీదనే ఆధారపడుతున్నాయి. మేస్త్రీ అనుభవం తక్కువది కాదు. యంత్రం చప్పుడు విని తప్పు ఎక్కడున్నదో చెప్పగలవాడు ఆయన. కాని తప్పు వల్ల రోజుకు ఎంత పోతున్నదో కాగితం మీద చూపించటానికి చదువుకున్నవాడు కావాలి. ఇద్దరూ ఉన్న చోట పని బాగుపడుతుంది.

గుర్తుంచుకోవలసినవి

తరుగును శాతానికి కిలో చొప్పున కాక, పొడి పదార్థాన్ని బట్టి లెక్కించాలి. ఎండబెట్టే ఖర్చును తరుగులో కలపరాదు. ప్రతి సరకుకు సరిచేసిన మీటరునే వాడి, సీజను ముందు ఓవెన్‌తో సరిచూడాలి. డ్రయ్యరు నుంచి దిగిన వెంటనే వచ్చిన అంకెను నమ్మరాదు. గిడ్డంగి పుస్తకంలో తూకం పక్కన తేమకు ఒక గడి ఉండాలి. ఎగుమతి మిర్చిలో, వేరుశనగలో నీటి బరువు మీద ఆశ పెట్టుకోరాదు.

ఈ లెక్కలు నేర్చుకోవటానికి డిగ్రీ అవసరం లేదు. కాగితం, పెన్సిలు చాలు. మీటరు అంకెను, దాని పక్కన తరుగు లెక్కను రాశి దగ్గరే రైతుకు చూపించే వ్యాపారి వద్దకు వచ్చే సీజనులో అదే రైతు మళ్ళీ సరకు తెస్తాడు.